మెయిన్ స్విచ్ మీద కాగితం

నిన్న పొద్దున ఫోన్ ఏదో అప్‌డేట్ అడిగితే సరేనని నొక్కి ఛార్జరు తగిలించాను. తెర మీద సన్నటి గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలవగానే నా కాళ్లు వాటంతటవే గోడ దగ్గరికి నడిచాయి, స్విచ్‌బోర్డుకు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. కాఫీ తాగుతున్న మా అమ్మాయి అది చూసి, "ఏంటమ్మా, కాపలా కాస్తున్నావా?" అని పకపకా నవ్వింది. ఛార్జరు ఊడిపోయినా ఈ కాలపు ఫోన్లకు ఏమీ కాదట. నాకు తెలియకనా! సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టడమే ఉద్యోగంగా ఇన్నేళ్లు బతికినదాన్ని, నాకే పాఠం చెబుతుంది. అయినా చెయ్యి మాత్రం తియ్యలేదు. ఎందుకో చెప్పాలంటే దానికి అమీర్‌పేట కథంతా చెప్పాలి, అది వినే ఓపిక ఈ పిల్లలకు ఉండదు, మీకైతే ఉంటుంది.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో కొన్నాళ్లయినా ఉన్నవాళ్లకు నేను వర్ణించి చెప్పాల్సింది ఏమీ లేదు. గోడ కనబడకుండా కోర్సుల బ్యానర్లు, ఆటో దిగితే చాలు చేతిలో కరపత్రాలు కుక్కే మనుషులు, ఇడ్లీ బండి ఆవిరి వెనక నిలబడి జావా గురించి వాదించుకునే కుర్రాళ్లు, వర్షం పడితే ఆ కరపత్రాలన్నీ కాళ్లకింద గుజ్జయి రంగు రంగుల బురద. ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పి, ముప్పై దాటాక, ఎవరు చెప్పినా వినకుండా టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటానని బ్యాగు పట్టుకుని ఆ బురదలో దిగాను. క్లాసులో అందరూ ఇరవై రెండేళ్ల వాళ్లు, అందరికీ నేను అక్కనే. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంవత్సరమంతా మంచులోంచి చూస్తున్నట్టుంటుంది, మనుషులు స్పష్టంగా కనబడతారు గానీ రోజులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

మా హాస్టల్ పై అంతస్తు గదికి నలుగురు చొప్పున ఆడపిల్లలం, కింద భాగంలో హాస్టల్ నడిపే ఆంటీ, అంకుల్. ఆంటీది గుంటూరు వైపు, తెల్లవారగానే ఆవిడ ప్రార్థన మాకు అలారం. ఒకసారి ఎవరో అమ్మాయి బకెట్‌లో హీటర్ కాయిల్ పెట్టి మరిచిపోయి క్లాసుకు వెళ్లిపోతే బకెట్ కరిగి, పక్కనున్న పరుపు అంటుకుందట. అప్పటినుంచి పొద్దున తొమ్మిదిన్నరకు ఆడపిల్లలంతా వెళ్లిపోగానే పై అంతస్తు మెయిన్ ఆపేయడం ఆవిడకు ప్రార్థనంత నియమం. మెట్ల కింద ఉండేది ఆ స్విచ్. టక్కుమని చప్పుడు వినబడితే హాస్టల్‌కు తెల్లారినట్టు లెక్క.

ఇక అంకుల్ సంగతి. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం చర్చి వాకిట్లో నల్లబోర్డు మీద సుద్దముక్కతో వాక్యం రాసేది ఆయనే, ఆ అక్షరాలు చూడడానికే కొందరు ఆగేవారని ఆంటీ చెప్పేది. నేను చేరడానికి కొద్ది నెలల ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. డాక్టరు రోజూ వేళ్లకు పని చెప్పమన్నాడు, లేకపోతే బిగుసుకుపోతాయని, ఆ తర్వాత ఏం చేసినా తిరిగి రావని. రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టారు. పెన్ను ఇస్తే ఒక వంకర గీత గీసి, దాన్ని చూసుకుని, మళ్లీ పెన్ను ముట్టుకోలేదు. చర్చికి వెళ్లినా బోర్డు వైపు తల తిప్పేవారు కాదు.

ఆయన పట్టుకున్నది ఒక్కటే వస్తువు, ఓడలో పనిచేసే మేనల్లుడు తెచ్చిచ్చిన గేమ్ యంత్రం. అదే, రెండు చేతుల్తో పట్టుకుని బొటనవేళ్లతో నొక్కుతూ ఆడుకునేది. మొదట్లో ఎడమ వేలే కదిలేదట, నేను చేరేనాటికి కుడి బొటనవేలు కూడా మెల్లగా, మొండిగా బటన్ మీద పడేది. పెన్ను పట్టుకుంటే అక్షరం వంకర అందరికీ కనబడుతుంది, ఆటలో ఓడిపోతే ఎవరికి తెలుస్తుంది? అరవై ఏళ్లు దాటిన మనిషి కిటికీ పక్కన కూర్చుని పిల్లాడిలా నాలుక బయటపెట్టి ఆడుతుంటే ఆంటీ తలుపు చాటునుంచి చూసి కళ్లు తుడుచుకునేది.

అంతలో మేనల్లుడు కొత్త ఆట పంపాడు. సముద్రంలో చేపలు పట్టే ఆట. అంకుల్ బందరులో పుట్టి పెరిగిన మనిషి, ఆ పెట్టె మీది నీళ్ల బొమ్మ చూడగానే ఆయన ముఖం విచ్చుకుంది. తీరా లోపల పెడితే, ముందు యంత్రాన్ని అప్‌డేట్ చేయమని తెర మీద పడింది. ఫర్మ్‌వేర్ అంటారు, యంత్రాన్ని నిద్రలేపి నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్, అది పాతదైపోయిందన్నమాట. హాస్టల్ నిండా సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లే, అందరికన్నా ముందు నోరు జారింది నేనే. "అదెంత పని అంకుల్, నేను చేస్తాగా!" అన్నాను. లెక్కల టీచరుకు నోటి తొందరెక్కువ.

ఇంటర్నెట్ సెంటర్‌లో ఫైలు దించి యంత్రం మెమరీ కార్డులోకి ఎక్కించుకొచ్చాను. మర్నాడు పొద్దున యంత్రాన్ని మా గదికి తెచ్చి ఛార్జరు పెట్టి మొదలుపెట్టాను. మధ్యలో ఆపవద్దని తెర మీద ఎర్రగా రాసే ఉంది. గీత పావు వంతు పాకిందో లేదో బయటినుంచి, "అక్కా, బాత్రూం నీ వంతు!" అని కేక. హాస్టల్‌లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది ఆ కేక విలువ, వదులుకుంటే ఆ పూటకు స్నానం లేదు. పది నిమిషాల పనే కదా, దానంతటది అయిపోతుందని పరిగెత్తాను. తల మీద రెండో చెంబు పోసుకుంటుండగా బాత్రూం బల్బు ఆరిపోయింది. కింద టక్కుమన్న చప్పుడు ఆ తర్వాత గుర్తొచ్చింది.

తడి జుట్టుతో గదిలోకి వచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. బ్యాటరీ నిండా ఉందని యంత్రమే చూపించింది, కానీ పాతబడిన బ్యాటరీ మాటలు నీటి మూటలు, తీగలో కరెంటు ఆగగానే అదీ ప్రాణం విడిచింది. మెయిన్ వేయించి ఛార్జరు పెట్టాను. పచ్చ లైటు ఒక్కసారి మినుకుమని ఆరిపోతోంది తప్ప తెర వెలగదు. బ్యాటరీ తీసి పెట్టాను, కార్డు తీసి చూశాను, స్విచ్ అరనిమిషం పట్టుకున్నాను, పక్క గది అమ్మాయి ఛార్జరు అడిగి తెచ్చాను. ఊహూఁ. మెయిన్ వేసిన ఆంటీ అమాయకంగా, "ఎవరూ లేరనుకున్నానమ్మా, సబ్బు కళ్లలో పడిందా?" అని అడిగింది. అవునంటూ కళ్లు నులుముకున్నాను, యంత్రం సంగతి చెప్పలేదు.

అంకుల్‌తో, ఇంకా పూర్తికాలేదు, కాస్త టైము పడుతుందని అబద్ధమాడాను. తలూపారు. ఆ రోజునుంచి నేను మెట్లు దిగుతున్నప్పుడల్లా ఆయన కళ్లు నా చేతుల వైపు చూసేవి. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో బోర్లా పడి ఉండేది. వారం తిరిగేసరికి వేళ్లు మళ్లీ లోపలికి ముడుచుకోవడం మొదలైందని ఆంటీ నూనె రాస్తూ మెల్లగా చెప్పింది.

తప్పు దొరికితే ముందు ఏం జరిగిందో వరసగా రాయాలని మాకు క్లాసులో అప్పుడే నేర్పారు. నేనూ రాశాను, పూస గుచ్చినట్టు. ఒక్కచోట మాత్రం 'ఆంటీ మెయిన్ ఆపారు' అని రాయడానికి చెయ్యి రాక 'కరెంటు పోయింది' అని రాశాను. నా మొట్టమొదటి రిపోర్టులోనే అబద్ధం. ఆ కాగితం, ఇంటర్నెట్‌లో దొరికిన పద్నాలుగు పేజీల ప్రింటు పట్టుకుని వాకబు చేస్తే పంజాగుట్ట సందులో ఒక సెల్‌ఫోన్ రిపేరు భాయ్ ఉన్నాడన్నారు. యంత్రం పాడైందని మాత్రం చెప్పాను, దాన్ని ఒంటరిగా పంపనని ఆంటీ కూడా షేర్ ఆటో ఎక్కింది, చంటిపిల్లను పట్టుకున్నట్టు దాన్ని చీర కొంగులో చుట్టుకుని.

ఇద్దరు నిలబడితే నిండిపోయే కొట్టు అది. భాయ్ కంటికి భూతద్దం తగిలించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది సావలేదక్కా, పండుకుంది గంతే. జర లేపాలె," అన్నాడు. ఆ తర్వాత నా రిపోర్టు చూసి, అప్‌డేట్ నడుస్తుంటే కరెంటు ఎలా పోయిందని అడిగాడు. కోత పడిందన్నాను తల వంచుకుని. పక్కనున్న ఆంటీ, "ఆ రోజు కోత లేదు బాబూ. మెయిన్ నేనే ఆపాను," అంది. నా వైపు తిరిగి, "ఎందుకు దాచావు టీచరమ్మా? ఆయన చెయ్యి నేనే ఆపేశానని నాకు తెలియొద్దా?" అంటూ నడిరోడ్డు వినబడేలా ఏడ్చేసింది. చెప్పకుండా బాత్రూంకు పోయింది నేను కదా ఆంటీ అని నేనూ ఏడుపే.

భాయ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి స్టూలు జరిపాడు. "ఎవరు ఆపితే ఏందమ్మా, ఇద్దరు గిట్ల ఏడ్సుకుంట కూసుంటే అది లేస్తదా? ఫికర్ జేయకుండ్రి. అక్కా, నువ్వు ఆ ఇంగ్లీషు సదువు, నేను జేస్త."

అలా మొదలైంది మా వైద్యం. బ్యాటరీలో ఒక పిన్ను లేపితే యంత్రం తెర జోలికి పోకుండా రిపేరు కోసం లేస్తుందట, అప్పుడు సిద్ధం చేసిన కార్డునుంచి పాత ఫర్మ్‌వేర్‌ను మళ్లీ లోపలికి ఎక్కించాలట. ఆ కార్డు సిద్ధం చేయడానికి నడుస్తున్న యంత్రం ఇంకొకటి కావాలి. బటన్ పనిచేయడం లేదని బంజారాహిల్స్ నుంచి ఎవరో ఇచ్చినది భాయ్ దగ్గర ఉంది, ఉంది కదా అని వాడేయలేదు, ఆ ఇంటాయనకు ఫోన్ చేసి అడిగి మరీ వాడాడు. మొదటిసారి లైటు వచ్చింది, తెర రాలేదు. రెండోసారీ అంతే. మూడో రోజు ఆ పద్నాలుగు పేజీలు మొదటినుంచి పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుకుంటూ వస్తే దొరికింది, ఆ వివరాలన్నీ పాత లావు మోడల్‌వి, మాది సన్నది. సరైన ఫైలు తెచ్చి పెట్టాం. భాయ్ కొత్త బ్యాటరీ వేసి స్విచ్ నొక్కాడు. నల్ల తెర మీద నీలంగా వెలుగు విచ్చుకుంది, తెల్లవారుజాము ఆకాశంలాగా. ఆంటీ భాయ్ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేసింది, భాయ్ కూడా కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాడు.

ప్రాణంతో ఇంటికి వచ్చింది చాలు, ఇక అప్‌డేట్ జోలికి పోవద్దనుకున్నాను. అంకుల్ ఒప్పుకుంటేనా! జరిగిందంతా ఆంటీ చెబుతుంటే నవ్వుతూ విని, చేపల ఆట పెట్టె మీద వేలితో కొట్టి చూపించారు. మళ్లీ పాడైతే నేను బాధ్యురాల్ని కాదని గట్టిగా అరిచాను. ఆయన పెట్టె మీద ఇంకోసారి కొట్టారు.

మర్నాడు పొద్దున అదే గది, అదే ప్లగ్గు. ఈసారి హాస్టల్ అంతటికీ చెప్పాను. గీత పాకడం మొదలయ్యాక భయం పట్టలేక మెట్ల దాకా వచ్చి కిందికి చూశాను. మెయిన్ స్విచ్‌కు ఆంటీ అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ నిలబడి ఉంది. తొమ్మిదిన్నర దాటింది, నేను చేరాక మొదటిసారి ఆ టక్కు వినబడలేదు. ఆవిడ చేతి పైన, స్విచ్ పెట్టె మీద, వెనక్కి తిప్పి అంటించిన క్యాలెండరు కాగితం ఒకటి ఉంది. ఎవరు పెట్టారో అర్థం కాక దిగి దగ్గరికి వెళ్లాను.

'టీచరమ్మ పని జరుగుచున్నది. ఆపవద్దు.'

వంకర అక్షరాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చివరి 'ద్దు' కొమ్ము కాగితం అంచు దాటి పెట్టె మీదికి పోయింది. గది గుమ్మంలో కుర్చీలో అంకుల్ కూర్చుని ఉన్నారు, కుడి చేతిలో స్కెచ్ పెన్ను ఇంకా అలాగే పట్టుకుని. అందరూ చూసేలా రాశారు ఆయన. పైన అప్‌డేట్ ఎప్పుడు పూర్తయిందో నేను చూడనే లేదు.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గరినుంచి సముద్రపు హోరు వినబడింది, చిన్న స్పీకరులోంచి సన్నగా. క్లాసు ఎగ్గొట్టి మెట్ల మీద కూర్చుని విన్నాను. బయట బస్సులు, ఆటోలు, కోర్సులు కేకేసే మనుషులు, లోపల అలలు. ఉద్యోగం వచ్చి హాస్టల్ వదిలిన రోజున ఆ కాగితం ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. నేను అక్కడినుంచి వచ్చేసేనాటికి ఆయన చర్చి బోర్డు మీద మళ్లీ రాస్తున్నారు, వెనకటి సొగసు లేదు గానీ, వాక్యం మాత్రం పూర్తిగా ఉండేది.

ఇప్పుడు అంకుల్ లేరు, ఆంటీ కూడా లేరు. ఆ హాస్టల్ ఉన్న చోట అద్దాల షాపు ఉంది, పక్కనుంచి మెట్రో పోతుంది. అప్‌డేట్లు మనం నిద్రపోతుండగా వాటంతటవే వచ్చి అయిపోతాయి, పొద్దున లేచేసరికి అయిందని చెబుతాయి. మంచిదే, ఎవరి చెయ్యీ ఆగిపోదు. కానీ మనలో ఒకరి పని జరుగుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి కాపలా కాసే అవసరమూ పోయింది, అది తలుచుకుంటేనే దిగులుగా ఉంటుంది నాకు.

నిన్న నవ్వడం అయ్యాక మా అమ్మాయికి బీరువాలోంచి ఆ కాగితం తీసి చూపించాను. ఎవరో చిన్నపిల్లలు రాసినట్టుందే అంది. కాదు, రాయడం మరిచిపోయిన చెయ్యి రాసిందని చెప్పాను. కాసేపు చూసి కాగితం జాగ్రత్తగా మడిచి ఇచ్చింది. ఫోన్‌లో గీత ఇంకా సగంలోనే ఉంది. ఏమనుకుందో ఏమో, కాఫీ కప్పు కింద పెట్టి, వచ్చి నా పక్కన స్విచ్‌బోర్డు దగ్గర నిలబడింది.