కర్టెన్లాయన కుడిచెయ్యి

ఏ ఇంట్లోనైనా ఎండ చుట్టపుచూపుగానే వస్తుంది. దాన్ని ఎంతవరకు రానివ్వాలో, ఎప్పుడు పొమ్మనాలో తేల్చేవాడు కర్టెన్లాయన. నిచ్చెనెక్కి, రెండు చేతులూ పైకెత్తి, పెదాల మధ్య రెండు స్క్రూలు పట్టుకుని అతను రాడ్డు బిగిస్తుంటే, పొద్దుటి వెలుగు అతని చంకల కిందుగా దూరి గదిలో పడేది. నోట్లో స్క్రూలు ఉన్నంతసేపే ఆ ఇంటివాళ్ళకి మనశ్శాంతి. నిచ్చెన దిగాడా, కోతలు మొదలు.

ఆ మధ్య ఎవరింట్లోనో పడగ్గదిలో నిచ్చెన జారి, కొత్త కర్టెన్ని కావలించుకుని కిందికి వచ్చాడు. ఎక్కింది మూడో మెట్టు. తను పనిచేసే కర్టెన్ల షాపుకొచ్చి చెప్పేటప్పటికి అది మూడో అంతస్తయింది. కుడి భుజం దగ్గర ఎముక విరిగిన మాట మాత్రం నిజం. అది అతుక్కుంది కూడా. ఇక భయం లేదు, చెయ్యి పైకెత్తడం అలవాటు చేసుకోమని డాక్టరు పంపేశాడు. చెయ్యి భుజం ఎత్తు దాకా బుద్ధిగా వచ్చేది. అక్కడ, లోపలికి రమ్మంటారో లేదో తెలియక గుమ్మంలో ఆగిన చుట్టంలా ఆగిపోయేది. నొప్పి లేదు. నొప్పి పుడుతుందేమోనన్న దిగులుంది. కానీ భయమనే మాట పలకడానికి అతని నోట్లో చోటేదీ, కోతలతో నిండిపోయుంటే.

"ఎముక ఇంకా పచ్చిగానే ఉందమ్మా," అనేవాడు షాపు ఓనరమ్మతో.

"ఆరడానికి అదేమన్నా పెయింటా?"

నిచ్చెనెక్కలేనివాణ్ణి ఏం చెయ్యాలో తోచక ఆమె అతన్ని గుడ్డలు చూపించే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మొదటి రోజే ఒకావిడ ముదురు నీలం గుడ్డను మురిపెంగా తడుముతుంటే, "ఇది వేస్తే మీ గదిలో మీరు కూడా కనబడరమ్మా," అన్నాడు. ఆవిడ మళ్ళీ కనబడలేదు.

"చూడు నాయనా," అంది ఓనరమ్మ, అలసిపోయిన గొంతుతో. "నెలాఖరులోగా నిచ్చెనెక్కితే ఎక్కావు. లేదంటే పక్కవీధి ఫిట్టర్ని ఖాయం చేసుకుంటా. నువ్వు గుడ్డలు చూపిస్తే షాపులో గుడ్డలే మిగుల్తాయి, మనుషులు మిగలరు."

ఆ రాత్రి కర్టెన్లాయన అన్నం సగంలోనే లేచాడు. భార్య తన తమ్ముడికి ఫోన్ చేసింది.

బావమరిది వీడియో గేములు బాగుచేసే మెకానిక్కు. మర్నాడే ఒక పాత మెషీను చంకలో పెట్టుకొచ్చి టీవీకి తగిలించాడు. తుపాకీల ఆట. ఆడేవాడి కళ్ళలోంచే కనిపించే యుద్ధం కాబట్టి తెరమీద మనిషి ఉండడు. ఒక తుపాకీ, దాన్ని పట్టుకున్న రెండు చేతులు, కూలిన మేడలు, పొగ.

చేతిలో పెట్టిన కంట్రోలర్ మీది చిన్న పుల్లని బొటనవేలితో తిప్పి గురిచూడాలన్నాడు బావమరిది. వేలు అటు జారితే ఆకాశం, ఇటు జారితే బూట్లు. అంతకుమించి యుద్ధంలో అతనికేమీ కనబడలేదు.

"తుపాకులు పేలుతుంటే మబ్బులు చూస్తావేంటి బావా?"

"వానొస్తే తుపాకీ తడవదూ?"

బావమరిది నవ్వి, ఎక్కడో ఏదో నొక్కి, మోషన్ కంట్రోల్ ఆన్ చేశాడు. ఇక పుల్లతో పనిలేదు. చేతిలోని కంట్రోలర్ ఎటు తిరిగితే తెరమీది తుపాకీ అటు తిరుగుతుంది. పైకెత్తితే పైకి చూస్తుంది. "శత్రువులంతా మేడలమీదే ఉంటారు బావా. చచ్చినట్టు చెయ్యెత్తాలి," అన్నాడు అక్కకేసి కన్నుగీటుతూ.

మెషీను మాత్రం జాలిగుండెది. మణికట్టు కాస్త వంచితే చాలు, తుపాకీ ఆకాశాన్ని చూసేది. కర్టెన్లాయన మోచేతిని పక్కటెముకలకి ఆనించుకుని, గుడ్లు పొదిగే కోడిలా కదలకుండా కూర్చుని, నాలుగు వీధుల మేడలు ఖాళీ చేసేశాడు. చెయ్యి అంగుళం లేవలేదు.

"నీ యుద్ధం తగలెయ్య," అంది భార్య.

కానీ ఇంకేదో జరుగుతోంది. వేలికి తెలిసింది వేలిదగ్గరే ఆగిపోతుంది. మణికట్టు తిరిగితే భుజం వింటుంది, మెడ వింటుంది, ఊపిరి వింటుంది. అబద్ధాన్ని చెయ్యి ఒక్కసారి నమ్మిందంటే ఒళ్ళంతా సాక్ష్యానికొస్తుంది. సందు ఇరుకైతే కర్టెన్లాయన పొట్ట లోపలికి లాక్కునేవాడు. మలుపు దగ్గర, టీవీ అంచు అవతల ఇంకా వీధి ఉన్నట్టు మెడ చాచి తొంగిచూసేవాడు. కూర్చున్న సోఫాలోనే మునివేళ్ళమీద నడిచేవాడు.

"ఇదిగో, ఆ వంటింట్లో…"

"ష్. గోడవతల ఇద్దరున్నారు."

"గోడవతలున్నది మన సింకు. ట్యాపు కట్టేసి రా."

నెలలో చివరి ఆదివారం మధ్యాహ్నం బావమరిది ఒక స్పీకరు తెచ్చి సోఫా వెనక పెట్టాడు. ఆటలో వెనక వినబడాల్సింది వెనకే వినబడితే మజా అన్నాడు. భార్య పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తెరమీద ఒక పాడుబడ్డ ఇల్లు. కర్టెన్లాయన కంట్రోలర్‌ని మెల్లగా తిప్పుతూ గది గదీ వెతుకుతున్నాడు. చిరిగిన కర్టెన్లోంచి పల్చటి ఎండ. ఆ రాడ్డు వంకరగా ఉందని అతనికి ఒళ్ళు మండింది. ఒక్క క్షణం యుద్ధం మరిచి దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

సరిగ్గా అతని చెవి వెనక, బూటు చప్పుడు. ఆపైన ఒక మొరటు గొంతు.

"చేతులు పైకి!"

కంట్రోలర్ ఎగిరింది. తెరమీద ఇల్లంతా గిరగిరా తిరిగింది. నేల, కప్పు, నేల. కంట్రోలర్ బట్టల బుట్టలో పడ్డాక తుపాకీ కప్పుని చూస్తూ ఆగిపోయింది. కర్టెన్లాయన సోఫాలోంచి లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ నిట్టనిలువునా ఎత్తి నిలబడ్డాడు.

శత్రువు అతన్ని కాల్చి పారేశాడు. అది ఎవరూ చూడలేదు.

భార్య లేచి వచ్చి, గాల్లో ఉన్న అతని కుడి మోచేతిని రెండు వేళ్ళతో ముట్టుకుంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. అతను కళ్ళు తెరిచి పైకి చూశాడు. తన భుజానికి ఎవరిదో చెయ్యి మొలిచినట్టు చూశాడు.

"దేశాన్ని అప్పగించేశావు, పోనీలే," అంది ఆమె. "చెయ్యి దక్కింది."

"ఎంతమంది చుట్టుముట్టారు బావా?"

"పదిమంది దాకా ఉంటారు."

"ఒక్కడే బావా. నేను చూశా."

చేతులు దించాక కర్టెన్లాయన ఇద్దరికీ కలిపి ఒకటే మాట చెప్పాడు. "షాపులో తెలిసిందో, మీ ఇద్దరితో నాకు మాటల్లేవు."

మర్నాడు షాపులో పక్కవీధి ఫిట్టరు అప్పటికే నిచ్చెనకి ఆనుకుని ఉన్నాడు. కర్టెన్లాయన అతన్ని చూడనట్టు దాటి ఓనరమ్మ ముందు నిలబడ్డాడు.

"పట్టుదల అమ్మా. ఒళ్ళు మన మాట వినాలంతే. నిన్న కూర్చుని, 'ఎత్తు' అన్నా. ఎత్తింది."

"ఏదీ, ఎత్తు."

ఎత్తాడు. చెయ్యి భుజందాకా వచ్చి, పాత గుమ్మంలో పాత చుట్టంలా ఆగింది. పళ్ళు బిగించాడు. నుదుటిమీద చెమట పట్టింది. చెయ్యి మాత్రం మొహం తిప్పుకుంది.

ఓనరమ్మ నిట్టూర్చి, ఫిట్టరు వైపు తిరిగింది. ఆమె పెదాలు విడివడుతుండగా కర్టెన్లాయనకి తన ఇరవై ఏళ్ళ కిటికీలన్నీ ఒక్కసారి కనబడ్డాయి, ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ.

"అమ్మా," అన్నాడు. గొంతు ఎంత తగ్గిందంటే ఆమె వంగాల్సొచ్చింది. "వెనకనుంచి ఎవరైనా అరవాలి."

"ఏమని?"

చెప్పాడు. మొదట్నుంచీ చెప్పాడు. సోఫా, స్పీకరు, బట్టల బుట్ట, ఒకే ఒక్క శత్రువు. మూడో అంతస్తు కాదు, మూడో మెట్టని కూడా, పనిలో పనిగా చెప్పేశాడు. "నాకు భయమమ్మా," అన్నాడు చివర్న. ఆ మాట బయటికొచ్చాక నోరు ఖాళీ అయినట్టుంది.

ఓనరమ్మ గుడ్డలు కొలిచే ఇనుప బద్ద తీసుకుని, అతని వెనక్కి వెళ్ళి, దాని మొన వీపుకి ఆనించింది. గొంతు సవరించుకుంది.

"చేతులు పైకి."

రెండూ లేచాయి. షాపు ఘొల్లుమంది. ఫిట్టరు నిచ్చెనని పట్టుకుని నవ్వాడు. గుడ్డలు బేరమాడుతున్న ఆవిడెవరో బేరం మరిచిపోయింది. వాకిట్లోంచి వచ్చిన ఎండ, చాలాకాలానికి, అతని చంకల కిందుగా దూరి లోపలికి పోయింది.

చేతులు దించకుండానే కర్టెన్లాయన అన్నాడు: "నవ్వడం అయిపోతే, ఎవరైనా ఆ రాడ్డు అందించండి."