మ్యాపు మీద గీత

చౌక్తడా పేటలో ట్యూషన్లు చెప్పే కెరెన్ టీచరుకు అమెరికా చరిత్రలో ఒక పాఠమంటే అసహ్యం. దేశం పెరుగుతుంటే పెద్దమనుషులు మ్యాపు మీద గీత గీసి, పైన బానిసలు వద్దు, కింద ఉండొచ్చని రాజీపడ్డ పాఠమది. బోర్డు మీద ఆ గీత గీసిన ప్రతిసారీ, మార్కరు అంటకపోయినా, అక్కడి ఆడవాళ్లలాగే కట్టుకున్న లుంగీకేసి చెయ్యి రుద్దుకుంటుంది.

“గొడవ తప్పింది కదా టీచర్?” అంది ఇవాళ అమ్ములు.

“ఎవులికే తప్పింది? ఆ బానిసల్ని ఎవులైనా అడిగారేటి?” అని కసిరింది.

ఇంటికొచ్చేసరికి పనిమనిషి మా సాన్ వంటింటి గడప లోపల పీటమీద అన్నం తింటోంది. బల్ల దగ్గర కూర్చోవాలని కెరెన్, నేలమీదే తినాలని అత్తగారు పట్టుబట్టి, చివరికి ఇద్దరూ కలిసి కుదుర్చుకున్న చోటది. గొడవ తప్పిందని ఆనాడు ఎక్కువ సంతోషించింది కెరెనే.

ఆవిణ్ణి చూసి మా సాన్ కంచం పట్టుకుని లేచి నిలబడింది. కెరెన్ చెయ్యి లుంగీకేసి రుద్దుకుంటూ ఉండిపోయింది.