మూడో కేబుల్

నార్మన్ డాడ్స్ గురించి మా ఊళ్లో ఎవరినడిగినా ముందు ఉల్లిగడ్డల గురించే చెబుతారు, మనిషి గురించి తర్వాత. బొగ్గు గని మూతపడ్డాక ఇంగ్లండు ఉత్తరాన మా నార్తంబర్లాండ్ మగాళ్లకు మిగిలినవి పెరడూ, క్లబ్బూ, సెప్టెంబరులో కూరగాయల పోటీ. ఆ పోటీ బల్ల మీద నార్మన్ పెట్టే గడ్డ పసిపిల్ల తలకాయంత ఉండేది. ఆ విత్తనం వాళ్ల నాన్న నాటి నుంచి వస్తున్నది. ఏటా మేలైన గడ్డను పూతకు వదిలి, తనకు కావలసిన గింజలు ఉంచుకుని, మిగతావి పొయ్యి పాలు చేసేవాడు. ఇంటి విత్తనం గడప దాటకూడదని ఆయన పట్టు. కన్నకూతురు అడిగినా నాలుగు గింజలు రాల్చలేదు.

గింజల్ని పొయ్యిలో వేసే పని మాత్రం బావమరిది ఆల్బీది. నార్మన్ భార్య జీన్ చనిపోయిన ఏడాదే, ఆమె తమ్ముడు ఆల్బీ కాపురం చెడి రోడ్డున పడితే, నార్మన్ తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆల్బీ గనిలో కరెంటు పని చేసినవాడు. ఈ ఇంట్లో నీళ్లు మోశాడు, పేడ కలిపాడు, పోటీ రోజున ట్రేకి రెండో వైపు పట్టాడు. నార్మన్ మోకాళ్లు మూలపడ్డాక అటక ఎక్కేదీ అతనే. ఇంతలో ఏమైందో, మూడేళ్లుగా పోటీలో ఇచ్చే కప్పును అవతలి వీధి హార్‌బాటిల్ కొట్టుకుపోతున్నాడు. "వాడేం మందు వేస్తున్నాడో" అని నార్మన్ తల పట్టుకుంటే, "నీ గడ్డ ముందు అదెంత బావా" అని ఆల్బీయే ఓదార్చేవాడు.

ఈ ఏడు క్రిస్మస్ మర్నాడు చల్లిన గింజలు జనవరికి మొలిచాయి. వెనక గది కిటికీలో వాటికి కరెంటు దీపం పెట్టాలి. అక్కడ పాయింటు లేదు. మంచం పక్క సాకెట్ నుంచి కొత్తగా ఒక కొమ్మ కేబుల్ లాగితే సరిపోతుంది. ఆల్బీని అడిగితే "గోడ చెమ్మగా ఉంది బావా, ఆరనీ" అన్నాడు. మళ్లీ అడిగితే నడుం పట్టేసిందన్నాడు. నారు పాలిపోతోంది. ఆల్బీ క్లబ్బుకెళ్లిన ఒక మధ్యాహ్నం, పక్కింట్లో ఉండే నన్ను పిలిచాడు నార్మన్.

"టార్చి పట్టుకో. మెయిన్ ఆపేశాను."

"నీకేం వచ్చని దీన్ని కెలుకుతున్నావు?"

"ఆల్బీ నూరిపోశాడులే. సాకెట్ వెనక రెండు కేబుళ్లుంటే, ఒకటి వచ్చేది, ఒకటి పోయేది. అలాంటిదాన్నుంచి ఒక కొమ్మ లాగొచ్చు. ఒక్కటే. ఆశపడి రెండోది లాగావో, కొంప అంటుకుంటుంది."

టెస్టరు పెట్టి చూసి, మరలు విప్పి, పలకను ముందుకు లాగాడు. నేను టార్చి దగ్గరగా పట్టాను.

"మూడున్నాయే" అన్నాను.

"ఈ గదికి రంగు వేసినప్పుడు నేనే విప్పాను. అప్పుడు రెండే."

మూడోది కొత్త కేబుల్. గోడలో పైకి పోయింది. పైన అటక తప్ప ఏమీ లేదు. నార్మన్ తన మోకాళ్ల వంక చూసుకుని, తర్వాత నా వంక చూశాడు. నిచ్చెనేసుకుని నేనే ఎక్కాను. ఆరిపోయిన దీపాల కింద, ట్రేల నిండా ఉల్లినారు. నార్మన్ నారు కంటే బలంగా ఉంది. ఒక మొక్క పీకి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. మొదలు దగ్గర, వాళ్లింటి విత్తనానికే ఉండే ఎర్రజీరను బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఇది మా నాన్న విత్తనమే" అని మంచం మీద కూలబడ్డాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయనకు మండలేదు, అది చూస్తే నాకు ఇంకా మండింది.

టీ వేళకు ఆల్బీ వచ్చాడు. తెరిచి ఉన్న సాకెట్‌నూ, నార్మన్ ఒళ్లోని మొక్కనూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరికిరా ఇవి?"

"హార్‌బాటిల్‌కి."

"మూడేళ్ల నుంచీ?"

"అవును బావా."

"మరి పొయ్యిలో వేసిందేంటి?"

"పొట్టు."

ఇక నావల్ల కాలేదు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనయ్యా" అన్నాను. ఆల్బీ నా వైపు తిరగలేదు.

"ఈ సెప్టెంబరులో పోటీ బల్ల మీద గడ్డ ముందు పెట్టే కార్డులో తన పేరు పక్కన నా పేరు రాయిస్తానన్నాడు బావా. నిన్నూ అడిగాను. నవ్వావు."

"ఇంకోసారి అడగాల్సిందిరా. రాయించేవాణ్ణి."

రాయించేవాడో లేదో నాకు తెలీదు. ఆ క్షణాన మాత్రం ఆయన ఆ మాట నమ్మే అన్నాడు.

"నువ్వు పెట్టింది నువ్వే తియ్యి" అన్నాడు నార్మన్. "నా కిటికీకి లాగు. తర్వాత వెళ్లిపో."

ఆల్బీ కోటు విప్పి పనిలో కూర్చున్నాడు. అటక కేబుల్ ఊడదీశాడు, కిటికీకి కొత్తది లాగాడు, మెయిన్ వేసి దీపం వెలిగించాడు. ఎక్కడా వంకపెట్టడానికి లేదు. "కనీసం పనైనా చెడగొట్టి ఉంటే తిట్టుకునేవాణ్ణి" అని నాతో గొణిగాడు నార్మన్.

ఆల్బీ అటక మీది ట్రేలు దించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు చేతులా ఎత్తుకున్నాడు. తలుపు తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. నార్మన్ లేచి కుంటుకుంటూ వెళ్లి తీశాడు. బయట మంచు చినుకులు పడుతున్నాయి.

"ఆగు" అన్నాడు. ట్రేలు నేలకేసి కొడతాడేమో అనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. నార్మన్ కొక్కేనికున్న తన ఉన్నికోటు తీసి నారు మీద కప్పాడు. అంచులు నాలుగువైపులా లోపలికి దోపాడు.

"హార్‌బాటిల్ ఇంటి దాకా తియ్యకు. చలికి చస్తాయి."

ఆల్బీ ఏదో అనబోయాడు. నార్మన్ తలుపు వేసేశాడు. దానికే ఆనుకుని నిలబడి, "వాడి కోసం కాదు" అన్నాడు నాతో. ఏడుస్తున్నాడు.