కాపలా ఎవరి మాట వింటుంది?

మా ఎదురింటి సుబేదారు గారు పోయారని పోయిన బుధవారం హైటెక్ సిటీలోని మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "నాయిన పోయిండు సార్, నిద్రలనే," అంది ఆయన కూతురు.

ఆయన సైన్యం నుంచి రిటైరై కొండాపూర్‌లో మా లేఅవుట్‌లోనే ఇల్లు కట్టుకున్నారు. ఊరికే నమ్మడం ఆయనకు చేతకాదు. పాలవాడు ఓ గరిటె ఎక్కువ పోసినా, ఎందుకు పోశావని అడిగేవారు.

ఈ ఎండాకాలంలో యూరప్‌లో అమెరికా కూటమి దేశాలు యుగోస్లావియా మీద బాంబులు వేస్తున్న వార్తలు ఆయన ఇంట్లోనే చూసేవాణ్ని. "కూటమిలోని చిన్న దేశాలకు హాయేనండి. సైన్యం భారమంతా అమెరికాయే మోస్తోంది," అన్నానోసారి.

"మోసెటోడు ఊకెనే మోస్తడా సారూ? తుపాకి ఎటు తిప్పాల్నో గూడ ఆడే చెప్తడు. గప్పుడు వద్దంటే ఇంటడా?"

ఆ రోజుల్లోనే మా లేఅవుట్ పార్కు స్థలం మీద కబ్జాదారుల కన్ను పడింది. పక్కనే అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డరు వచ్చి, కాపలా మనుషులను తన ఖర్చుతో తానే పెడతానన్నాడు. స్థలం చూసుకునే అధికారం తనకిస్తూ కాగితం మీద సంతకాలు చేస్తే చాలట. అందరం సంబరపడ్డాం. సుబేదారు గారు మాత్రం, "ఆ కాపలోళ్లు ఎవని మాట ఇంటరు?" అని అడిగి, సంతకం చేయకుండా లేచి వెళ్లారు.

ఆయన మనలా బయటి నుంచి వచ్చినవాడు కాదు, ఇక్కడివాడు, కబ్జాదారులతో కలిసిపోయాడేమో అని ఎవరో అన్నారు. నేనూ అనుమానించాను. ఆయన ఇంటికి వెళ్లడం మానేశాను.

నెల తిరక్కుండానే ఓ ఆదివారం మా పాప బంతి పట్టుకుని పార్కుకు వెళితే కాపలావాడు ఆపాడు. లోపల బిల్డరు సిమెంటు బస్తాలు. "మా సేటు చెప్పాలె," అన్నాడు నాతో కూడా.

తల వంచుకుని సుబేదారు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన దెప్పలేదు. "కాగితం తే, చూద్దాం," అన్నారు. అది ఉమ్మడి స్థలం, ఒక్క సంతకం తగ్గినా ఆ కాగితం చెల్లదని వకీలు చెప్పాడు. తగ్గింది ఆయన సంతకమే. బిల్డరు బస్తాలు తీయించక తప్పలేదు.

ఆ తర్వాత పార్కు కాపలాకు ఇంటికొకరం వంతులు వేసుకున్నాం. మొదటి వంతు మోకాళ్ల నొప్పితో ఆయనే తీసుకున్నారు. పక్క లేఅవుట్ వాళ్లూ కలుస్తామంటే, "రానియ్యి. గని ఆళ్లు రాని దినం గూడ మనం నిలవడాలె," అన్నారు. నా వంతు రోజున కర్ర పొడుచుకుంటూ వచ్చి, నేనున్నానో లేదో చూసి వెళ్లేవారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత ఆ కర్ర చప్పుడు కోసం ఎదురుచూసేవాణ్ని.

దహనానికి మా లేఅవుట్ అంతా వెళ్లింది. తిరిగొచ్చేసరికి పార్కు ముందున్న బండ మీద ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ముందు నా చూపు పార్కు కంచె మీదికే పోయింది. చెక్కుచెదరలేదు. దగ్గరికెళ్లి చూస్తే, పక్క లేఅవుట్ వాళ్లు.

"ఎవరు పంపారండీ?" అన్నాను.

"ఎవ్వలు పంపలే. ఇయ్యాల మీరంత అటు పోతరు గద."

ఇద్దరూ కాస్త జరిగి, ఎండకు కాగిన ఆ బండ మీద నాకు చోటిచ్చారు.