గుండిగలు లాగే బండి కోసం చోరనూరు దాకా

మాకు పాత ఎస్‌యూవీ ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలంటే ముందు మా గుండిగల సంగతి చెప్పాలి. మా అమ్మా నాయనా బళ్ళారి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వంటలు చేసేవాళ్ళు. ఇటు సిరుగుప్ప, అటు రాయదుర్గం, మధ్యలో ఎన్ని ఊళ్ళుంటే అన్ని. నాయన జీపు వెనక చిన్న ట్రైలర్ తగిలించి అందులో ఇత్తడి గుండిగలు, గంగాళాలు, ఓళిగలు కాల్చే పెద్ద పెనాలు సర్దేవాడు. మేము పిల్లలం జీపులో ఉల్లిగడ్డల మూటల మీద కూర్చునేవాళ్ళం. గుంత వచ్చినప్పుడల్లా వెనక గుండిగలన్నీ ఒక్కసారి మోగేవి. ఇప్పటికీ వంటింట్లో ఎవరి చేతిలోనుంచైనా గిన్నె జారిపడితే నాకు ఆ రోడ్లే గుర్తుకొస్తాయి. చిన్నతనంలో నేను అంతకన్నా సుఖంగా ఎక్కడా కూర్చోలేదు.

నాయన పోయి మూడేళ్ళు. జీపు తుక్కుకు వెళ్ళింది. వంటల పని ఇప్పుడు నేనూ మా ఆయన శేఖర్ చూస్తున్నాం, సామాను అద్దె బండిలో పోతోంది. అమ్మ మాత్రం ఆ తరువాత ఒక్క పెళ్ళికీ రాలేదు. అడిగితే మోకాళ్ళంటుంది. మొన్న ఆషాఢం మొదట్లో ఉన్నట్టుండి, "పాత్రలు కొనే ఆయప్ప వస్తానన్యాడు. శ్రావణం రాకముందే గుండిగలు అమ్మేయండి పాపా. ఎవురికి కావాల ఇప్పుడు ఇత్తడి?" అంది. అవి కూడా పోతే అమ్మ ఇక గడప దాటదని నాకు తెలుసు. ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టుకుని, పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ ఎక్కి, వెనక మా ట్రైలర్ లాగే బండి శ్రావణంలోపు దొరకాలి. చేతిలో ఉన్నది ఆరు లక్షలు. ఇంట్లో వదిలేస్తే ఒక్కదానికని అన్నం కూడా వండుకోదు కాబట్టి బండ్లు చూడ్డానికి అమ్మను కూడా లాక్కెళ్ళాను.

గాంధీనగర్‌లో మా ఇంటినుంచి ఏడింటికి కిరాయి కారులో బయలుదేరాం. దారిలో బొరుగుల ఒగ్గరణె, మిరపకాయ బజ్జీలు తిన్నాం, ముగ్గురికీ నూట యాభై లోపే. అమ్మ బజ్జీ విరిచి చూసి, "వాము మరిచిపోయినారు" అని తీర్పు చెప్పింది. మొదటి బండి ఊళ్ళోనే, పాత కార్లు అమ్మే ఒక షెడ్డులో ఉంది. తెల్లగా, పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. అమ్మే అబ్బాయి మా వెంటే తిరుగుతూ, "ఒకే ఓనరు అక్కా. డాక్టరు బండి. వెనక కెమెరా ఉండాది, ఎవురూ దిగే పనే లేదు" అన్నాడు. నేను వెనక సీటు బెల్టును చివరిదాకా లాగాను. బళ్ళారిలో పాత బండి కొనేవాళ్ళెవరైనా చేసే పనే ఇది. బండిని ఎంత కడిగినా బెల్టు చివరను ఎవరూ కడగరు. ఆ చివర మూరెడు మేర ముదురు ఎరుపు, వేలికి రాస్తే మెరుపు. గనుల్లో అరిగిన బండి అన్నమాట. "మీ డాక్టరు ఇనుప ఖనిజానికి వైద్యం చేస్తాడా అప్పా?" అని అడిగాను. శేఖర్ నా మోచెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు. నా నోరు ఊరుకోదని అతనికి పెళ్ళైన వారానికే తెలుసు.

రెండో బండి చోరనూరులో, గాదిలింగప్ప అనే శెనక్కాయల రైతుది. తోరణగల్లు మీదుగా సండూరుకు గంటన్నర, అక్కడినుంచి కొండల మధ్య ఇంకో ముప్పావుగంటకు పైగా పట్టింది. సండూరు దాటేదాకా ఖనిజం లారీల వెనకే పాకాలి, కాబట్టి అద్దాలు దించకండి. ఆ తరువాత దారి పచ్చబడుతుంది, వానాకాలంలో అయితే మరీ. అమ్మ ఆ కొండలకేసి చూస్తూ, "ఈ దోవలో మీ నాయన ఒకతూరి చారు గుండిగ ఒలకబోసినాడు" అంది. మూడేళ్ళలో నాయన పేరెత్తి ఆమె నవ్వడం అదే మొదలు.

గాదిలింగప్ప ఇంటి ముందు ఏడు సీట్ల పాత డీజిల్ బండి ఉంది, ముదురు నీలం రంగు. వెనక కొక్కెం బంపరుకు కాకుండా ఛాసిస్‌కే బిగించి ఉంది. నాకు ఆశ కలిగింది. కానీ అలవాటు పోతుందా, వెళ్ళగానే సీటు బెల్టు లాగాను. చివర ఎర్రగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత దూరం పిలిపించి మైనింగ్ బండి చూపిస్తారా?" అని మొహం మీదే అనేశాను. గాదిలింగప్ప బిత్తరపోయాడు. "ఏందమ్మా అట్లంటావు? దీన్ని గని దిక్కుకు తిప్పినోణ్ణే కాదు."

అమ్మ చేటంత చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. "ఎర్రది కనపడితే సాలు, మైనింగ్ అంటావే. ఈడ గోడలు ఎర్రగా ఉండాయి, బర్రెలు ఎర్రగా ఉండాయి, ఆయప్ప తుండుగుడ్డ ఎర్రగా ఉండాది. బర్రెలు గూడా గనిలో పని చేసినాయా?"

శేఖర్ అటు తిరిగి దగ్గాడు. నేను బెల్టు చివర మళ్ళీ నలిపి చూశాను. మెరుపు లేదు, ఇటుకపొడిలాంటి ఉత్త చేని మట్టి. సీట్ల కింద శెనక్కాయ పొట్టు, బండి అడుగున తుప్పు దాదాపు లేదు. బళ్ళారిలో పుట్టి పెరిగిన మాకు ఎరుపంటే గనే, మట్టి కూడా ఎర్రగా ఉంటుందన్నది మరిచిపోయి ఎన్నేళ్ళయిందో. సిగ్గేసింది. గాదిలింగప్ప మాత్రం పట్టించుకోలేదు. "ముందు ఊట మాడ్రి, ఆమ్యాల బేరం" అన్నాడు. అన్నం తినకుండా వాళ్ళింట్లో ధర మాట్లాడరట. జొన్నరొట్టె, వెర్రినువ్వులతో చేసే గురెళ్ళ పొడి, పెరుగు. అమ్మ పొడి రెండుసార్లు అడిగి వేయించుకుంది.

తిన్నాక అసలు పరీక్ష. అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టి, ఆయన ట్రైలర్‌లోనే శెనక్కాయ మూటలు వేసి బండికి తగిలించాం. ఊరి బయట మిట్టెక్కించాం. రెండో గేరులో లాగింది, క్లచ్ మాడిన వాసన రాలేదు. కానీ పెళ్ళిళ్ళకు ముందుకు పోవడం ఎవరైనా చేస్తారు. సన్నసందుల్లో వెనక్కి నడిపి ట్రైలర్‌ను పొయ్యిల దగ్గర ఆనించడమే కష్టం. అందుకని ఆయన పశువుల కొట్టంలోకి వెనక్కి పెట్టమన్నాను. శేఖర్ ఇటు తిప్పితే ట్రైలర్ అటు పోయింది. మూడుసార్లూ మోచెయ్యిలా మడత పడింది. తరువాత నేను స్టీరింగ్ పట్టాను, గోడకు గుద్దబోయాను.

అప్పుడు ముందు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అమ్మ పక్కమెట్టు మీద కాలు పెట్టి తనంతట తనే దిగి, చీర కొంగు దోపుకుని వెనక్కి నడిచింది. ట్రైలర్ రేకు మీద చరిచింది. "స్టీరింగ్ వదులుగా పట్టుకో పాపా. రానీ, రానీ. ఎడంకు రవ్వంత. సాలు, ఇంగ తిప్పొద్దు. రానీ, రానీ, నిలుపూ!" ట్రైలర్ కొట్టంలోకి, దూలానికి సమంగా, వెళ్ళి ఆగింది.

అద్దంలో ఆమెను చూస్తూ నేను స్టీరింగ్ మీదే ఏడ్చాను. చిన్నప్పుడు ప్రతి పెళ్ళి ముంగిట్లో అమ్మ ఇలాగే వెనక నిలబడేది. ఉల్లిగడ్డల మీద సగం నిద్రలో ఉన్న మాకు అది వినబడేది కానీ, నాయన బండి నడిచేది ఆ గొంతు మీదనే అని తెలిసే వయసు కాదు. అద్దె బండి డ్రైవర్లు ఎవరి మాటా వినరు, సామాను దింపి పోతారు. మోకాళ్ళు నొప్పే, కాదనను. కానీ ఆమె ఇంట్లో కూర్చుండిపోయింది పిలిచి అడిగే పని లేకపోయినందుకు. నేనేమో మెత్తటి సీటున్న బండి కోసం ఇన్నాళ్ళూ వెతికాను.

ఐదున్నర లక్షలకు కుదిరింది, వారంలో కాగితాలూ బండీ. గాదిలింగప్ప భార్య బండికి కుంకుమ పెట్టి, కాసేపు దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. చీకటి పడేలోపు కొండలు దాటాలని మేము నాలుగింటికే బయలుదేరాం. అమ్మ సండూరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. అక్కడ టీ తాగుతూ, "ఆ పాత్రలాయప్పకు ఫోన్ చెయ్యి. మా గుండిగలకు పని ఉండాది, రావద్దని చెప్పు" అంది.

పాత బండి ఎంచుకోబోయేవాళ్ళకు నేను ఇవ్వగలిగిన సలహా ఒకటే. ఇంజను చూసుకోండి, కాగితాలు చూసుకోండి. కానీ చూడ్డానికి వెళ్ళేటప్పుడు బరువు నింపిన ట్రైలర్ తగిలించి వెనక్కి నడపండి, ఆ బండిలో తిరగవలసిన పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళి, వెనక నిలబడి దారి చెప్పే పని వాళ్ళకు అప్పజెప్పండి.