శూన్యంలోకి నా ప్రవేశం

మనవరాలికి చదువు చెప్పబోయి, దాన్ని కింది బ్యాచ్‌కి దించి, ఆపైన నేనే క్లాసునిండా పిల్లల ముందు బోర్లా పడిన కథ ఇది. నవ్వుకోండి. కాని నా గుణకారంలో తప్పుందని మాత్రం ఎవరూ అనకండి.

అప్పటికి నాకింకా డెబ్బై నిండలేదు. దూకుడు వయసు. రిటైరయ్యేదాకా బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పాలవాడి కూడిక నుంచి పంచాంగంలో తిథి దాకా సరిచూడనిదే వదలను. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, రుఆబాంధా కాలనీలో మా క్వార్టర్‌కు రావాలంటే చుట్టాలు వాచీ సరిచేసుకుని మరీ వస్తారు.

మనవరాలు స్వాతి కోచింగ్‌లో పై బ్యాచ్. ఆదివారం పరీక్ష. అందులో జారితే కింది బ్యాచే. దిగినవాళ్ళు ఆ ఏడాదికి మళ్ళీ ఎక్కడం లేదు. శనివారం సాయంత్రం ఒక లెక్క తెచ్చింది. వేడి లోపలికి రాని, బయటికి పోని డబ్బా. మధ్యలో అడ్డుగోడ. ఒక సగంలో గ్యాస్, రెండో సగంలో ఏమీ లేదు, గాలి కూడా. అడ్డుగోడ తీసేస్తే గ్యాస్ డబ్బా అంతా నిండుతుంది. అది చేసిన పని ఎంత?

"సర్ జీరో అన్నారు మామ్మా. ఎందుకో సమఝ్ కాలేదు."

"జీరో ఏటే? గ్యాస్‌కి ఒత్తిడి ఉందా?"

"ఉంది."

"చోటు పెరిగిందా?"

"పెరిగింది."

"గుణించు. అంత దూరం పరిగెత్తినదాన్ని పట్టుకుని ఏ పనీ చెయ్యలేదంటే దానికెంత బాధ."

"కానీ సర్..."

"మీ సర్ పుట్టకముందు నుంచీ లెక్కలు చెప్తన్నాను. రాయి."

పరీక్షలో అదే లెక్క వచ్చింది. నా జవాబు రెండో ఆప్షన్‌గా ముస్తాబై కూర్చుని ఉందట. నాలాంటివాళ్ళు వస్తారని ముందే పీట వేసి ఉంచారన్నమాట. ఆ ఒక్క లెక్కతో స్వాతి కింది బ్యాచ్‌కి జారింది. ఇంటికొచ్చింది. అన్నం కలుపుకుంటూ, "పోనీలే మామ్మా" అంది. తిట్టి ఉంటే సర్దుకునేదాన్ని. ఆ ఓర్పు చూసి నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఆటో ఎక్కి కోచింగ్‌కు వెళ్ళాను. దారిపొడుగునా వాదన వల్లించుకున్నాను. క్లాసు తలుపు దగ్గర గార్డు, "జోర్ సే ధక్కా మారియే మాతాజీ" అన్నాడు, గట్టిగా తొయ్యమని. వానకు తలుపు ఉబ్బి బిగుసుకుపోయిందట. తోశాను. కదల్లేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఆగడం మరిచిన గూడ్సు బండిలా భుజంతో వచ్చాను. సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఫిజిక్స్ సారు తలుపు లాగేశాడు.

గుమ్మం దాటాను, బల్ల దాటాను, మొదటి వరుసా దాటి, రెండో వరుసలో ఎవరిదో సంచీ మీద బోర్లా పడ్డాను. చివరి బెంచీలో స్వాతి పుస్తకం వెనక దాక్కుంది.

సారు పేరు రమణ. మా పక్క పేట రిసాలి కుర్రాడే, తండ్రిది టెక్కలి వైపు. "దెబ్బేటైనా తగిలిందా అమ్మా?" అంటూ లేవదీశాడు.

"దెబ్బ సంగతి తరవాత. ఒత్తిడి ఉంది, చోటు పెరిగింది. పని సున్నా ఎలగ అవుద్ది? అది చెప్పు ముందు."

"ఆఖరిసారి తోసినప్పుడు తలుపు మీద ఎంత పని చేశారమ్మా?"

"బోల్డంత."

"తలుపు మీకు అడ్డుందా?"

ఆలోచించాను. నా బలం ఉంది, వచ్చిన దూరమూ ఉంది. నన్ను ఎదురు తోసేది మాత్రం ఏమీ లేదు. చీర సర్దుకున్నాను.

స్వాతి లేచింది. "సర్, ఇప్పుడు సమఝ్ అయింది. లోపల ఒత్తిడి ఎంతున్నా, బయట ఎదురొత్తేది ఉండాలి. దాన్ని నెడితేనే పని. అక్కడ శూన్యం కదా, ఎదురు జీరో. పనీ జీరో."

"మరి గ్యాస్ చల్లబడుద్దా?" అడిగాడు సారు.

"పని చెయ్యలేదు, వేడి పోలేదు. లోపలి శక్తి ఏటీ ఖర్చవలేదు. ఐడియల్ గ్యాస్ అయితే టెంపరేచర్ అంతే ఉంటాది." ఓరగా నావైపు చూసింది. "మామ్మ తలుపు బయట ఎంత కోపంగా ఉందో, లోపలా అంతే ఉంది సర్. చూడండి."

క్లాసంతా ఘొల్లుమంది. సారు కళ్ళు తుడుచుకుని, "రూలు సంగతి నేను చూసుకుంటాను, నీ పాత బ్యాచ్‌కి పోమ్మా. ఇంత బాగా పై బ్యాచ్‌లో కూడా ఎవరూ చెప్పలేదు" అన్నాడు. స్వాతి పుస్తకాలు సర్దుకుని మేడమీదికి వెళ్ళిపోయింది. దాన్ని పైకెక్కించింది నా భుజమే. నేను ఏ పనీ చెయ్యలేదనేవాళ్ళు వచ్చి నాతో మాట్లాడండి.

అయినా దేవుడి పటం ముందు నిలబడి ఒక ప్రతిజ్ఞ చేశాను: అవతల ఎవరో ఒకరు గట్టిగా అడ్డం నిలబడ్డారని రూఢి చేసుకోనిదే, ఇక ఈ జన్మలో పోట్లాటకు వెళ్ళను.