టేపు కింద పేరు

ఒహాయోలో మంగలి షాపు నడిపే వెర్నన్ చేతులు ఊరుకోవు. గిరాకీ లేకపోయినా కత్తెర ఆడిస్తూనే ఉంటాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఎన్నికలకీ ఇంటిముందు గడ్డిలో ఒకే పార్టీ బోర్డు పాతుతున్నాడు. ఈసారి అధ్యక్ష అభ్యర్థి పేరు కింద ఉపాధ్యక్ష అభ్యర్థి పేరుంది. మగాళ్ల మధ్య పెళ్లిళ్లు రద్దు చేయిస్తానంటూ సభల్లో ఈలలు వేయించుకునే మనిషి ఆయన. వెర్నన్ ఆ పేరు మీద నల్ల టేపు అంటించాడు. తెల్లారేసరికి ఎవరో పీకేస్తున్నారు, మళ్లీ అంటిస్తున్నాడు.

"ఆయన్ని చూసేగా ఊరంతా ఓటేస్తానంటోంది! నువ్వు మంచోడివి, నిన్నేం చేస్తాడయ్యా?" అంది పక్కింటి లొరెట్టా.

"పీకేది నువ్వేనా, లొరెట్టమ్మా?"

"నేనే," అన్నాడు గుమ్మంలోంచి కర్టిస్, పదకొండేళ్లుగా వెర్నన్ భర్త. "ఓటు చీటీలో ఆ రెండు పేర్లకీ కలిపి ఒకటే గడి. అక్కడెలా అంటిస్తావురా?"

టేపు చుట్ట చేతిలోనే ఉంది. వెర్నన్ వేళ్లు ఆగిపోయాయి.